పిన్ని రాసిన రెండు వారాలు

మా పిన్నికి దెయ్యాలంటే భయం లేదు. నవలలో దెయ్యం వయసు లెక్క తప్పితే మాత్రం ఊరుకునేది కాదు. ముప్పై ఏళ్లకే పోయిందని మూడో అధ్యాయంలో రాసి, పదకొండో అధ్యాయంలో ఆవిడ దగ్గరుండి కూతురి పెళ్లి చేయించినట్టు రాస్తే, పెన్సిల్ తీసి పేజీ అంచున "ఎలా?" అని రాసేది. అంతే, ఒక్క ముక్క. ఆవిడ చదివినవన్నీ తరవాత నా చేతికే వచ్చేవి కాబట్టి, నేను నవలలతో పాటు ఈ "ఎలా?"లు కూడా చదువుతూ పెరిగాను. రచయిత ఒకవైపు నుంచి భయపెడుతుంటే, పిన్ని ఇంకోవైపు నుంచి లెక్క అడుగుతుండేది.

ఆవిడకి నచ్చేవన్నీ ఒకే బాపతు నవలలు. పాత ఇల్లు, మేడ మెట్లు, ఇంట్లో ఒక్కరికే ఎవరో కనబడటం, ఆ కనబడేది ఎవరా అని వెతుక్కుంటూ పోతే చివరికి తమ వంశంలో మనిషే అని తేలడం. భయం కోసం కాదు ఆవిడ చదివేది, ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చడం కోసం. "దెయ్యం కూడా చుట్టమేనే, పిలవకుండా వచ్చింది గానీ" అని నవ్వేది.

వాటిలో ఒకటి నాకు బాగా గుర్తు. కథ చివరిదాకా చెప్పేయబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు, ఇంకా చదవనివాళ్లు ఉంటారు. అది వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు పిన్ని ఆ పేజీలు చింపి దాచుకుని, అయిపోయాక దబ్బనంతో కుట్టి, అట్టలు వేసి పుస్తకం చేసుకుంది. చింపిన పేజీలు కావడంతో కథకి సంబంధం లేనివి కూడా అందులో చేరిపోయాయి. మెట్ల మీద ఆవిడ మొదటిసారి కనబడే పేజీ వెనక సగం నింపి వదిలేసిన గళ్ల నుడికట్టు ఉంటుంది. పెట్టె అడుగున ఉత్తరం దొరికే పేజీ వెనక తలనొప్పి మాత్రల ప్రకటన. కుట్టు లోపలికి పోవడం వల్ల ప్రతి పేజీలోనూ వరసకి రెండక్షరాలు మింగుడు పడిపోయాయి. రెండు చేతులతో గట్టిగా విప్పి పట్టుకుంటే గానీ కనబడవు. కొన్నిచోట్ల ఊహించుకుని చదివేసేదాన్ని.

కథ ఇది. తల్లి పోయాక ఒకమ్మాయి, తను ఎన్నడూ చూడని తాతగారి ఇంటికి వస్తుంది. ఇల్లు అమ్మేసి వెళ్లిపోదామనే వస్తుంది. మొదటి సాయంత్రమే మేడ మెట్ల మలుపులో ఒకావిడ నిలబడి ఉంటుంది. ఈ అమ్మాయి వంక చూడదు. చేతిలో దీపం పట్టుకుని గోడ వంక చూస్తూ ఉంటుంది. అరవదు, వెంటపడదు, తలుపులు బాదదు. తరవాతి వారం మళ్లీ అక్కడే, కాకపోతే ఒక మెట్టు కిందికి. ఆ పై వారం ఇంకో మెట్టు. సీరియల్‌గా చదివినవాళ్ల పరిస్థితి ఎలా ఉండేదో ఆలోచించండి, వారానికి ఒక మెట్టు! పిన్నీ వాళ్ల స్నేహితురాళ్లూ ఇంకా ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టుకుని, సీరియల్ ఎప్పటికి అయిపోతుందో చెప్పేసేవాళ్లట.

సీరియల్‌కీ ఇలాంటి కథలకీ పాత చుట్టరికమే. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన "ది టర్న్ ఆఫ్ ద స్క్రూ", ఆ ఇంట్లో కనబడేవి నిజంగా దెయ్యాలా, లేక పిల్లల్ని చూసుకునే ఆ అమ్మాయి మనసులోంచి పుట్టినవా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారే, అది కూడా మొదట ఒక వారపత్రికలో ముక్కలు ముక్కలుగా వచ్చిందే. ఏ వారానికి ఆ వారం అనుమానం మిగల్చాలి కదా. ఆ అనుమానమే చివరికి కథ అయిపోయింది.

పిన్ని పుస్తకంలోకే వస్తాను. దీపం ఆవిడ ఎడమచేతిలో ఉంటుందని రచయిత మొదటి వారంలోనే చెబుతాడు, నొక్కి చెప్పడు. నాలుగో వారంలో ఈ అమ్మాయి ఉత్తరం రాస్తూ, ఎడమచేతి వాళ్లకి సిరా ఎలా అలుక్కుపోతుందో ఒక వాక్యంలో అనుకుంటుంది. పిన్ని అక్కడ "ఎడమ!" అని రాసింది. పుట్టుక సంగతి తేల్చడానికి ఎడమచేతివాటం సాక్ష్యం కాదు. లోకంలో ఇంచుమించు పదిమందిలో ఒకరిది ఆ చేతివాటమే. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది, అంతే. కాబట్టి రచయిత మన చేతికి ఆధారం ఇచ్చినట్టే ఇచ్చి, అది సరిపోదని కూడా తెలిసేలా చేశాడు. ఇలాంటి నవలల్లో నాకు నచ్చేది ఇదే. తాళంచెవి కనబడే చోటే పెడతారు, మనమే దాన్ని తాళంచెవి అనుకోం.

వెనక అట్ట లోపలివైపు పిన్ని ఒక వంశవృక్షం గీసింది. పెన్సిల్‌తోనే. పేర్లు, పుట్టిన సంవత్సరాలు, పెళ్లి సంవత్సరాలు. కొన్ని గీతలు చెరిపి మళ్లీ గీసిన గుర్తులు ఉంటాయి, కథ ముందుకు వెళ్లేకొద్దీ సవరించుకుంటూ వచ్చింది కాబోలు. తాత పేరు పక్కన అమ్మమ్మ పేరు, పెళ్లయిన ఏడు. కింద కూతురు, అంటే మన కథానాయిక తల్లి, పుట్టిన ఏడు. కూతురు పెళ్లికి రెండేళ్ల ముందు పుట్టింది! నవలలో ఈ రెండు సంవత్సరాలూ ఒకేచోట ఎక్కడా కనబడవు. ఒకటి ఫోటో వెనక రాసి ఉంటుంది, ఇంకోటి బడి పుస్తకంలో మొదటి పేజీ మీద. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవలసింది చదివేవాళ్లే. పిన్ని పెట్టి చూసుకుంది. తాతకి రెండోవైపు ఇంకో డబ్బా గీసి, లోపల ప్రశ్నార్థకం వేసి ఉంచింది. "మూడో వారంలోనే పట్టేశాను" అని చాలా ఏళ్లు చెప్పుకుంది. మేం నమ్మినా నమ్మకపోయినా చెప్పుకుంది.

ఆ డబ్బాలో ఉండాల్సినావిడే మెట్లమీదావిడ. కథానాయికకి అసలు అమ్మమ్మ.

నేనది మొదటిసారి చదివింది ఎనిమిదో తరగతి సెలవుల్లో. మంచి పట్టులో ఉండగా అచ్చు పేజీలు ఆగిపోయి, రూళ్ల కాగితాలు వచ్చాయి. నీలం సిరా, పిన్ని చేతిరాత. పైన "గుర్తున్నంత వరకు" అని రాసి కింద గీత కొట్టి ఉంది. ఆ రెండు వారాల సంచికలూ ఎవరో చదవడానికి పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదట. పుస్తకం కుట్టేటప్పుడు ఖాళీ ఉండకూడదని ఆ రెండు భాగాలూ జ్ఞాపకం మీద తనే రాసి మధ్యలో పెట్టి కుట్టేసింది. ఎంత పద్ధతిగా రాసిందంటే, మొదటి వారం చివర "సశేషం" అని కూడా వేసింది.

ఆ రెండు వారాల్లోనే అసలు సంగతి ఉంది. కథానాయిక మెట్ల పక్క గోడకి చెయ్యి ఆనిస్తుంది. ఆనించగానే ఆ ఇంట్లో పాత రాత్రి ఒకటి కళ్లముందు కనబడుతుంది. పిన్ని రాసిన ప్రకారం, ఆవిడ పక్కలోంచి లేచి, నిద్రపోతున్న తమ్ముడి మీద దుప్పటి సరిచేసి, దీపం పట్టుకుని మెట్లు దిగుతుంది. ప్రతి మెట్టు మీదా ఆగి చెవి ఒగ్గి వింటుంది. తలుపు దగ్గరికి వచ్చాక చప్పుడు కాకుండా గడియకి గుడ్డ చుట్టి తీస్తుంది. దీపం గడప లోపలే పెట్టి, ఆర్పకుండా, వెళ్లిపోతుంది. తమ్ముడు నిద్రపోలేదు. కళ్లు మూసుకుని అన్నీ వింటున్నాడు. లేచి అరిస్తే ఆగిపోతుందని వాడికి తెలుసు. అరవలేదు.

రాసింది మా పిన్ని అని తెలిసి కూడా అక్కడ నాకు ఏడుపొచ్చింది.

తరవాత అచ్చు పేజీలు మళ్లీ మొదలవుతాయి. మొదలయ్యాక ఏదో పొసగలేదు. ముందుకి వెళ్లేకొద్దీ ఆవిణ్ణి ఆస్తి కోసం మరిది చంపేసి మెట్ల కింద గోడలో పెట్టి కట్టేశాడని బయటపడుతుంది. గోడ పగలగొడతారు, ఎముకలు దొరుకుతాయి. మరి తలుపు తీసుకుని వెళ్లిపోయినావిడ గోడలోకి ఎలా వచ్చింది? ఆ తమ్ముడెవరు? ముందు లేడు, తరవాత లేడు, వెనక అట్ట మీది వంశవృక్షంలోనూ లేడు. అందరి తప్పులూ పట్టే పిన్ని రాసిన చోటే ఇంత పెద్ద తప్పు ఉంది, పక్కన "ఎలా?" లేదు. నేను అదేదో నవలలో ఉన్న కిటుకే అనుకుని సర్దుకున్నాను.

చివరి భాగం గురించి ఎక్కువ చెప్పను. ఇంట్లో ముసలి పనిమనిషి ఒకడుంటాడు, వాడు ఆరు పేజీలు ఆగకుండా జరిగిందంతా చెప్పేస్తాడు. వారానికో మెట్టు దింపిన రచయిత చివరికొచ్చేసరికి ఇలా ఒక్కసారి బస్తా దింపేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పిన్నికీ పడలేదు. అక్కడ అంచున ఆవిడ రాసిన వాటిలో అన్నిటికంటే పెద్ద వాక్యం ఉంటుంది: "ఇంత తెలిసినవాడు ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు?"

కాలేజీ రోజుల్లో నాకు ఇంకో పిచ్చి పట్టింది. దెయ్యం కనబడిందంటే దాని వెనక ఏదో కారణం ఉండి తీరాలని, ఎక్కడెక్కడివో చదివి పిన్నితో వాదనకి దిగేదాన్ని. 1921లో విల్మర్ అనే అమెరికన్ కళ్ల డాక్టరు ఒక కుటుంబం గురించి రాశాడు. కొత్తగా దిగిన పాత ఇంట్లో వాళ్లకి అడుగుల చప్పుళ్లు వినబడతాయి, రాత్రుళ్లు మంచం పక్కన ఎవరో నిలబడినట్టు కనబడుతుంది, పిల్లలు పాలిపోయి నీరసించిపోతారు, ఇంట్లో మొక్కలు చచ్చిపోతాయి. చివరికి చూస్తే ఇల్లు వెచ్చగా ఉంచే కొలిమి పాడై, పొగ బయటికి పోవాల్సింది పోయి గదుల్లోకి వస్తోంది. కార్బన్ మోనాక్సైడ్, లేనివి కనబడేలా, వినబడేలా చేయగల విషవాయువు. కొలిమి బాగుచేయించాక ఎవరూ కనబడలేదు. నేనిది పెద్ద విజయంలా పిన్నికి చెప్పాను. ఆవిడ అంతా విని, "మొక్కలు చచ్చిపోయాయని ముందే రాశాడా, చివర్లో కలిపాడా?" అని అడిగింది. ముందే అన్నాను. "అయితే న్యాయంగా రాసినట్టే" అంది. డాక్టరు రాసిన కేసుకి కూడా డిటెక్టివ్ నవలకి వేసినట్టే మార్కులు వేసింది.

షార్ల్ బొనే సంగతి ఆవిడకి ఇంకా నచ్చింది. స్విట్జర్లాండ్‌లోని జెనీవాకి చెందిన ప్రకృతి శాస్త్రవేత్త ఆయన. కంటిపొరలు కమ్మి చూపు బాగా తగ్గిన ఆయన తాత షార్ల్ లులాకి, దాదాపు తొంభై ఏళ్ల వయసులో, మనుషులు, పక్షులు, బళ్లు, భవనాలు కళ్లముందు కనబడేవి. బుర్ర మాత్రం శుభ్రంగా పనిచేసేది, కనబడేవి లేవని కూడా ఆయనకి తెలుసు. బొనే 1760లో ఆ వివరాలు అచ్చువేశాడు. చూపు పోతున్నవాళ్లకి ఇలా కనబడటాన్ని ఇప్పుడు ఆ మనవడి పేరుతోనే పిలుస్తున్నారు. కళ్ల నుంచి రావలసిన సమాచారం తగ్గిపోతే, మెదడు తనే బొమ్మలు కల్పించుకుంటుంది. "తాత చూసిన దెయ్యాలకి మనవడు లెక్క రాశాడా! అదీ వంశం అంటే" అంది పిన్ని. కారణం ఆవిడకి పట్టలేదు, చుట్టరికం పట్టింది.

దీని మీద కూడా మా ఇద్దరికీ పడేది కాదు. చివర్లో "అదంతా గాలికి ఊగిన కర్టెన్" అని తేల్చే నవలలు నాకు అప్పట్లో ఇష్టం. ఆన్ రాడ్‌క్లిఫ్ కాలం నుంచీ ఆ దారి ఉంది. 1790లలో ఆవిడ నవలల్లో వందల పేజీలు వణికించి, ఆఖరికి అన్నిటికీ మామూలు కారణాలే చూపించేది. పిన్నికి ఆ రకం సుతరామూ గిట్టదు. "అప్పు తీసుకున్నంతా తీసుకుని, చివర్లో బాకీ లేదన్నట్టు" అనేది. అలాగని దెయ్యం నూటికి నూరుపాళ్లు నిజమని కుండబద్దలు కొట్టేవీ ఆవిడకి నచ్చవు. రెండు వైపులా దారి ఉండాలి, ఏ దారిన వెళ్లినా లెక్క సరిపోవాలి. త్వెతాన్ తొదొరోవ్ అనే సాహిత్య విమర్శకుడు 1970లో రాసిన పుస్తకంలో ఇంచుమించు ఇదే చెప్పాడని నాకు చాలా తరవాత తెలిసింది. జరిగింది ప్రకృతి సహజమా కాదా అని తేల్చుకోలేక ఊగిసలాడినంత సేపే ఆ రకం కథకి ప్రాణం, ఏదో ఒక వైపు తేలిందంటే అది వేరే జాతి కథ అయిపోతుంది. పిన్నికి చెబితే "పుస్తకం రాయాలా దానికి?" అంది.

చాలా ఏళ్లకి ఆ నవల పుస్తకంగా అచ్చయిన కాపీ ఒకటి నా చేతికొచ్చింది. ఉన్నపళంగా ఆ రెండు వారాల చోటికి వెళ్లాను. గోడకి చెయ్యి ఆనించడం ఉంది. పాత రాత్రి ఉంది. కానీ అచ్చులో ఉన్నది మరిది, గొడవ, మెట్ల మీద తోసేయడం, రక్తం. దుప్పటి లేదు. గడియ లేదు. గుడ్డ లేదు. తమ్ముడు అసలే లేడు. ముందు, ఇది వేరే కూర్పేమో, రచయిత తరవాత మార్చాడేమో అనుకున్నాను. కానీ ముందు వెనక అధ్యాయాలు పిన్ని కుట్టిన పేజీలతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. మార్చింది రచయిత కాదు.

ఇదేదో సరదా సంగతన్నట్టు అమ్మకి చెప్పాను. పిన్నిని ఏడిపించడానికి పనికొస్తుందని, ఆ రూళ్ల కాగితాలు చదివి వినిపించడం మొదలుపెట్టాను. అమ్మ బట్టలు మడతపెడుతూ నవ్వుతూనే వింది. గడియకి గుడ్డ చుట్టిన చోట చేతులు ఆగిపోయాయి.

"గుడ్డ సంగతి దానికెలా తెలుసు?" అంది.

తాతయ్యకి ఒక అక్క ఉండేదట. మేమెవరం ఆ మాట ఎప్పుడూ వినలేదు. తాతయ్య వాళ్లు ముగ్గురు అన్నదమ్ములని, అంతేనని మాకు తెలుసు. ఆ అక్కగారు భర్త పోయాక పుట్టింట్లోనే ఉండేదట. ఒక రాత్రి వెళ్లిపోయింది. ఎవరితోనా, ఒక్కతేనా, ఎక్కడికి అన్నది ఇంట్లో ఎవరూ వెతకలేదో, వెతికినా చెప్పుకోలేదో. మర్నాటి నుంచీ ఆవిడ పేరు ఎత్తడం లేదు. అప్పటికి చిన్నపిల్లాడైన తాతయ్య ఆ రాత్రి మెలకువగా ఉన్నాడట. ఆ సంగతి జీవితంలో ఒక్క అమ్మమ్మకే చెప్పాడు. అమ్మమ్మ ఆఖరి రోజుల్లో ఒక్క అమ్మకే చెప్పింది, ఎవరితోనూ అనవద్దని మరీ. పిన్నికి ఈ సంగతి తెలియదనే అమ్మ అన్నాళ్లూ అనుకుంటోంది.

తరవాత అమ్మ బీరువాలోంచి ఒక పాత నోటు పుస్తకం తీసింది. ముత్తాత తన పిల్లలు పుట్టిన తేదీలు, వేళలు రాసుకున్న పుస్తకం. మొదటి పేజీలో మూడు పుట్టుకలు రాసి ఉన్నాయి, అన్నిటికంటే పైన నాలుగో దాని మీద సిరాతో అడ్డదిడ్డంగా కొట్టేసి ఉంది. పేరు కనబడకుండా ఎంత గట్టిగా కొట్టేశాడంటే, కాగితం వెనకవైపు గీతలు ఉబ్బి తేలాయి. వేలితో తడిమితే తెలుస్తాయి. పుట్టిన వేళ మాత్రం కొట్టేయలేదు. అది చివరికంటా ఉండటంతో కలం అక్కడిదాకా వెళ్లలేదు. ఆవిడ పేరు మాలో ఎవరికీ తెలియదు, ఏ వేళకి పుట్టిందో తెలుసు.

పిన్నిని అడిగాను. ముందు నవ్వింది. తరవాత "గుర్తున్నంత వరకు అని పైనే రాశాను కదే" అంది. ఏ గుర్తు పిన్నీ, నవలదా, ఇంకేదైనానా అంటే, "అప్పుడు రాస్తుంటే అదే వచ్చింది" అంది. తాతయ్య చెప్పాడా? లేదంది. అమ్మమ్మ? లేదంది. మరి తమ్ముడెక్కణ్ణించి వచ్చాడు? "ఎవరో ఒకరు చూడకపోతే కథ ఎలా తెలుస్తుంది? సాక్షి ఉండాలి కదా" అంది. నవలలో దెయ్యం ఎందుకు ఎడమచేత్తో దీపం పట్టుకుందో గంటసేపు చెప్పగలిగిన మనిషి, ఈ విషయంలో ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. నేను మళ్లీ అడగబోతే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మా చెల్లి పరీక్షల సంగతి ఎత్తింది. అమ్మ ఎదురుగానే ఉంది. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నికొలాస్ అబ్రహాం, మరియా తొరోక్ అని హంగేరీలో పుట్టి ఫ్రాన్సులో పనిచేసిన ఇద్దరు మనోవిశ్లేషకులున్నారు. 1970లలో వాళ్లు చెప్పిన ఒక ఆలోచన చదివినప్పుడు నాకు ఆ నోటు పుస్తకం గుర్తొచ్చింది. మనుషుల్ని పట్టి పీడించేది చచ్చిపోయినవాళ్లు కాదంటారు వాళ్లు. పెద్దవాళ్లు నోరు విప్పకుండా దాచిన రహస్యం వల్ల మనలో మిగిలే ఖాళీయే దెయ్యంలా తిరుగుతుంది. అది మాటల్లో చెప్పకుండానే ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్లిపోతుంది. ఏదో ఒక మాట దగ్గర తడబడటం, ఒక ప్రశ్న రాగానే గదిలో గాలి మారడం, ఒక పేరు రాకుండా వాక్యాన్ని తిప్పుకోవడం, పిల్లలు ఇవన్నీ పట్టేస్తారు. ఏం పట్టారో వాళ్లకే తెలియదు. ఇది రుజువైన శాస్త్రమని నేను అనను, మనోవిశ్లేషణలో అలా రుజువు చేయడానికి కుదిరేవి తక్కువ. కానీ ఇలాంటి నవలల్లో మంచివి ఎందుకు పనిచేస్తాయో ఇంతకంటే బాగా చెప్పినవాళ్లని నేను చదవలేదు. మెట్ల మీదావిడ మనల్ని భయపెట్టడానికి రాదు. వంశవృక్షంలో తన డబ్బా ఖాళీగా ఉందని చెప్పడానికి వస్తుంది. గోడలో ఎముకలు దొరకడం కంటే, అన్ని తరాలపాటు ఆ గోడ పక్కనుంచి మెట్లెక్కుతూ దిగుతూ ఎవరూ ఏమీ అడగకపోవడం నాకు ఎక్కువ భయం వేసే విషయం. ఆ రచయిత అక్కడ ఆగి ఉంటే గొప్ప నవల అయ్యేది. హంతకుణ్ణి పట్టుకునే తొందరలో పడి పాడుచేసుకున్నాడు. పిన్ని రాసిన రెండు వారాల్లో హంతకుడు లేడు. అందుకే నా దృష్టిలో ఆ పుస్తకంలో బాగున్నవి ఆ రెండే.

పిన్ని పోయాక కొన్నాళ్లకి బాబాయి నన్ను పక్కకి పిలిచి, ఎవరితో అనకమ్మా అంటూ ఒక సంగతి చెప్పాడు. సాయంత్రం పూట కిటికీ పక్క కుర్చీలో పిన్ని కూర్చుని చదువుకుంటున్నట్టు అప్పుడప్పుడు కనబడుతోందట. భయంగా ఉందా అంటే లేదన్నాడు, బాగానే ఉందన్నాడు. నాకు పిచ్చెక్కుతోందా అన్నది ఆయన టెన్షన్. డెవీ రీస్ అనే డాక్టరు వేల్స్‌లో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ఒక వ్యాసం రాశాడు. వాళ్లలో దాదాపు సగం మందికి పోయిన మనిషి పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనబడటమో, గొంతు వినబడటమో జరిగింది. ఎక్కువమంది అంతకుముందు ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. చాలామందికి అది ఊరటగానే ఉంది. ఇదంతా బాబాయికి చెప్పాను, ఇది జబ్బు కాదు, మామూలే అని. ఆయన కాసేపు ఆలోచించి, "సగం మందికేనా? పాపం, మిగతావాళ్లు ఎలా ఉంటున్నారో" అన్నాడు.

మా చెల్లి, అంటే పిన్ని కూతురు, ఇవేవీ ఒప్పుకోదు. దాని వాదన సూటిగా ఉంటుంది. చప్పుడు కాకుండా బయటపడాలనుకునే వాళ్లు ఎవరైనా గడియకి గుడ్డే చుడతారు, అందులో ఆశ్చర్యం ఏముంది? మా అమ్మకి ఆ రెండు భాగాలు గుర్తులేవు, కల్పించి రాసింది, నువ్వూ పెద్దమ్మా కలిసి దాన్ని తాతయ్య కథకి అతికించారు అంటుంది. పైగా పెద్దమ్మ చెప్పింది కూడా అమ్మమ్మ చెప్పిందే, అమ్మమ్మ చెప్పింది తాతయ్య చెప్పిందే, చిన్నపిల్లాడు నిద్రలో విన్నది ఇన్ని నోళ్లు మారి వచ్చింది, ఎంత నిజమో ఎవరికి తెలుసు అంటుంది. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. పిన్ని ఒక్కోసారి గోడ అవతల గొంతులు కూడా పట్టేసేది, చిన్నప్పుడు ఏదో విని మరిచిపోయి ఉంటుందని నేనంటాను. దానికీ ఆధారం లేదు. తమ్ముడి సంగతో అని అడిగితే మాత్రం చెల్లి కాస్త తగ్గుతుంది. వంశవృక్షం అంత జాగ్రత్తగా గీసిన మనిషి, అందులో లేనివాణ్ణి తెచ్చి పక్కలో పడుకోబెట్టి, ఆ తరవాత వాడి ఊసే ఎత్తకుండా ఎందుకు వదిలేస్తుంది అంటే, "ఏమో, రాసేటప్పుడు ఊపులో రాసేసిందేమో" అని మాట మారుస్తుంది. అచ్చు వాళ్లమ్మలాగే.

ఆ కుట్టిన పుస్తకం ఇప్పుడు దాని దగ్గరే ఉంది. నాకు ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా, అచ్చయిన నవల నీ దగ్గర ఉంది కదా, ఇదెందుకు అంటుంది. ఆ రెండు వారాల కోసం అంటే, "అందుకే ఇవ్వను" అంటుంది. కిందటిసారి వెళ్లినప్పుడు దాని ఎదురుగానే కూర్చుని ఆ రూళ్ల కాగితాలు ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాను. తీస్తుంటే ఒక పేజీ దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపి, తమ్ముడు కళ్లు మూసుకుని వింటున్న చోట అంచు చూపించింది. అక్కడ పెన్సిల్‌తో "ఎలా?" అని ఉంది. చిన్నప్పుడు లేదు, నాకు బాగా గుర్తు. పిన్ని చేతిరాతేనా అని అడిగాను. "నాదే, పోయిన నెల రాశాను" అంది.